కోలారు స్వర్ణసీమ – కరాయాన్ సంగీతప్రస్థానము

కోలారు మండలము తెలుగు, కన్నడ, తమిళ భాషల సంగమస్థలము. 1880లో జాన్ టేలర్ కంపెనీ ఇచ్చటి గనుల నిర్వహణమును చేపట్టిన పిదప చిత్తూరు, ఉత్తరార్కాటు ప్రాంతములనుండి కూలిజనము వచ్చి బంగారము త్రవ్విరి. కాలక్రమమున గనులు పదివేల అడుగుల లోతును మించెను. 1902లో శివసముద్రమునుండి విద్యుచ్ఛక్తి ఇచ్చటికి చేరెను. బంగారముపై రాజభాగము దశాబ్దములపాటు మైసూరు కోశాగారమునకు ముట్టుచుండెను. ఆ సంస్థానపు కడపటి మహారాజు శ్రీ జయచామరాజ ఒడయరు (1919–1974) ఒక ఆస్ట్రియా దేశీయుని సంగీతజీవితమునకు తోడ్పడిన వృత్తాంతము స్మరణీయము.

హెర్బర్ట్ ఫాన్ కరాయాన్ 1908 ఏప్రిల్ 5న సాల్జ్‌బర్గు నగరమున జన్మించెను. పాశ్చాత్య వాద్యబృంద నాయకుడు తాను ఏ వాద్యమును వాయింపడు. పెక్కు వాద్యములను ఏకభావమున పలికించును. కరాయాన్ ఈ విద్యలో 1929లో ఉల్ము నగరమునను, అనంతరము ఆహెన్ నగరమునను పేరుగాంచెను. 1933లో నాజీ పక్షమున చేరుట అతని జీవితమున చెరగని మచ్చ. యుద్ధానంతరము 1946లో సోవియట్ అధికారులు అతని కచేరీలను నిషేధించిరి. ఆ నిషేధము 1947లో తొలగెను.

1945లో వాల్టర్ లెగ్ లండనున ఫిల్హార్మోనియా వాద్యబృందమును స్థాపించెను. 1948లో కరాయాన్ తొలిసారి దానిని నడపెను. ధ్వనిముద్రణముల రాబడిపై నడచు ఆ బృందమునకు స్థిరమైన ఆధారము లేదు. ఆ యేడే లెగ్ మైసూరునకు రాగా, మహారాజు ఏటికి పదివేల పౌండ్ల చొప్పున మూడేండ్లు విరాళమొసగ నంగీకరించెను. బృందపు కచేరీ సంఘమునకు తొలి అధ్యక్షుడును ఆయనయే. 1949లో కరాయాన్ నడపగా బాలకిరెవ్ ప్రథమ సింఫనీ, రూసెల్ చతుర్థ సింఫనీ ముద్రితములగుటకు ఆయన ఔదార్యమే కారణము. పియానో నేర్చిన ఈ రాజు సంస్కృతమున 94 కర్ణాటక కృతులను రచించిన వాగ్గేయకారుడు. కనుక ఇది కేవలము ధనికుని వేడుక కాదు.

1952లో కరాయాన్ ఆ బృందముతో ఐరోపా యాత్ర చేసెను. 1955లో బెర్లిన్ ఫిల్హార్మోనిక్ నాయకత్వము పొంది 1989 ఏప్రిల్ వరకు నిర్వహించెను. ఆ జూలై 16న మరణించెను.

1947 తరువాత పాలనాధికారము మంత్రివర్గమునకు సంక్రమించినందున, ఈ విరాళమును గనుల ఆదాయముతో సూటిగా ముడిపెట్టుట తగదు. అయినను ఆ రాజ్యము ఐశ్వర్యము నార్జించిన మార్గములలో కోలారు స్వర్ణ మొకటి. 2001లో గనులు మూతపడెను. నాటి ధ్వనిముద్రికలు నేటికిని వినబడుచున్నవి. సంగీతచరిత్ర ఆ దాతను స్మరించుచున్నది. భూగర్భమున శ్రమించిన కూలివారిని స్మరించుట మన చరిత్రకారుల విధి.