దిగేటప్పటి వేగం - డకోటా నుంచి ఎయిర్‌బస్ దాకా

1953లో ఎనిమిది ప్రైవేటు కంపెనీలను కలిపి ఇండియన్ ఎయిర్‌లైన్స్‌ను ఏర్పాటు చేసినప్పుడు ఆ సంస్థకు సంక్రమించిన విమానాల్లో అధికభాగం డకోటాలే. మన హైదరాబాద్ దక్కన్ ఎయిర్‌వేస్ కూడా ఆ ఎనిమిదింటిలో ఒకటి. డకోటా ఓర్పు గల విమానం. దిగేటప్పుడు వేగం కాస్త తగ్గినా, పైలట్ థ్రాటిల్ ముందుకు తోస్తే ప్రొపెల్లర్ల గాలి వెంటనే రెక్కల మీదుగా వీచి విమానాన్ని నిలబెట్టేది. జెట్ విమానాలు వచ్చాక ఆ సౌలభ్యం పోయింది. ఆ సంగతిని వైమానిక ప్రపంచం చాలా ఖరీదు చెల్లించి నేర్చుకుంది.

మన సంఘంలో ఆఫీసు పనులు చేసినవారూ ఉన్నారు కనుక ఒక మాట వివరించాలి. విమానం ఒక స్థాయికంటే నెమ్మదిస్తే రెక్క మీది గాలి చెదిరి, పైకెత్తే బలం పోతుంది. దాన్ని స్టాల్ అంటారు. రెక్క వెనుక అంచున కిందికి దిగే పలకలే ఫ్లాపులు. వాటిని దించితే తక్కువ వేగంలోనూ విమానం గాలిలో నిలుస్తుంది, గాలి నిరోధమూ పెరుగుతుంది. స్టాల్ వేగానికి 1.3 రెట్లు ఉండాలన్నది దిగే వేగానికి పాత లెక్క. ఇంతకు తగ్గితే ప్రాణాపాయం. పెరిగితే ఏం నష్టమంటారా? వేగం నూటికి 10 వంతులు పెరిగితే, ఆపవలసిన శక్తి 21 వంతులు పెరుగుతుంది. రన్‌వే మాత్రం పెరగదు.

బోయింగ్ 727 ప్రయాణికులను మోయడం 1964లో మొదలైంది. చిన్న రన్‌వేల మీద కూడా దిగేందుకు వీలుగా దానికి మూడు పొరల ఫ్లాపులు అమర్చారు. వాటిని 40 డిగ్రీలు దించి ఇంజిన్లను ఐడిల్‌లో పెడితే విమానం రాయిలా కిందికి జారేది. మళ్ళీ శక్తి కావాలంటే జెట్ ఇంజిన్ పుంజుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. 1965 నవంబరు 11న సాల్ట్ లేక్ సిటీలో యునైటెడ్ సంస్థ 727 నిమిషానికి సుమారు 2,300 అడుగుల చొప్పున దిగుతూ వచ్చింది. కో-పైలట్ థ్రాటిళ్ళ మీదికి చెయ్యి చాస్తే కెప్టెన్ ఆ చేతిని పక్కకు నెట్టాడు. విమానం రన్‌వేకి 335 అడుగుల ముందే నేలను తాకింది. 91 మందిలో 43 మంది మరణించారు. ఆ ఆరునెలల కాలంలోనే మరో మూడు 727లు దిగే దశలో కూలాయి. కారణాలన్నీ ఒక్కటి కావు గాని, తప్పు విమానంలోనే ఉందని చాలామంది అనుకున్నారు. మారవలసింది నడిపే పద్ధతి అని తరువాత తేలింది. ఒక నిర్ణీత ఎత్తుకు వచ్చేసరికి ఫ్లాపులు, చక్రాలు, వేగం, దిగే రేటు, ఇంజిన్ శక్తి అన్నీ కుదిరి ఉండాలి. లేకుంటే మళ్ళీ పైకి లేవాలి. దీనినే స్టెబిలైజ్డ్ అప్రోచ్ అంటారు.

1973 చమురు సంక్షోభంతో మరో ఆలోచన వచ్చింది. ఫ్లాపులు ఎంత దించితే అంత నిరోధం, అంత ఇంధనం, కింది ఊళ్ళవారికి అంత మోత. అందుకని ఫ్లాపులను, చక్రాలను ఆలస్యంగా దించే పద్ధతిని లుఫ్తాన్సా సంస్థ 1970లలో ప్రచారంలోకి తెచ్చింది. 40కి బదులు 30 డిగ్రీల ఫ్లాపులతో దిగడమూ చాలాచోట్ల అలవాటైంది. ఇదంతా మంచిదే. అయితే ఎత్తులో ఉన్నప్పుడు ఐడిల్‌లో దిగి మిగుల్చుకున్నది పొదుపు గాని, నేలకు అయిదు వందల అడుగుల దూరంలో చేసేది పొదుపు కాదు.

దీనికి మన దేశంలోనే తార్కాణం ఉంది. 1990 ఫిబ్రవరి 14న బొంబాయి నుంచి వచ్చిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎయిర్‌బస్ 320 బెంగుళూరులో దిగబోతోంది. వాతావరణం బాగుంది, ఫ్లాపులు దిగి ఉన్నాయి. కాని ఆటోమేటిక్ వ్యవస్థ, ఇంజిన్లను ఐడిల్‌లోనే ఉంచే ‘ఓపెన్ డిసెంట్’ పద్ధతిలో ఉండిపోయింది. 132 నాట్లు ఉండవలసిన వేగం క్రమేణా 106 దాకా పడిపోయింది. ఆఖరి క్షణాల్లో పూర్తి శక్తి ఇచ్చినా ఇంజిన్లు పుంజుకునే వ్యవధి లేకపోయింది. విమానం గోల్ఫ్ మైదానంలో నేలను తాకింది. 146 మందిలో 92 మంది పోయారు. కంప్యూటర్ చూసుకుంటుందిలే అన్న ధీమాతో వేగం ముల్లును చూడటం మానకూడదని ఆ తరువాత శిక్షణలో గట్టిగా చెప్పడం మొదలైంది.

2010 మే 22న మంగళూరులో జరిగింది దీనికి సరిగ్గా వ్యతిరేకం. ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ 737 మరీ ఎత్తుగా, మరీ వేగంగా వచ్చింది. రన్‌వే మొదట్లో 50 అడుగుల ఎత్తులో 144 నాట్లతో ఉండవలసింది, సుమారు 200 అడుగుల ఎత్తులో 160 నాట్లకు పైగా ఉంది. ఫ్లాపులు 40 డిగ్రీలు దించినా అంత శక్తిని హరించలేకపోయాయి. 8,000 అడుగుల రన్‌వేలో దాదాపు 5,200 అడుగులు దాటాక గాని చక్రాలు నిలకడగా ఆనలేదు. ఆ రన్‌వే కొండ మీద ఉంది. 158 మంది మరణించగా 8 మంది బతికారు. నేలను తాకక ముందే కో-పైలట్ ‘గో అరౌండ్’ అని మూడుసార్లు అన్నట్లు రికార్డయింది. 1965లో నెట్టేసిన ఆ చెయ్యి ఇక్కడ గుర్తుకు రాక మానదు.

మబ్బు, పొగమంచు ఉన్నప్పుడు 1,000 అడుగులకు, ఆకాశం తేటగా ఉన్నప్పుడు 500 అడుగులకు అన్నీ కుదిరి తీరాలన్నది ఇప్పుడు ప్రపంచమంతటా చెలామణిలో ఉన్న కొలత. కుదరకపోతే ‘గో అరౌండ్’ అనే హక్కు ఎడమ సీటుకెంతో కుడి సీటుకూ అంతే.