కలుపులో దొరికిన కూర

మా జహీరాబాద్ ఎర్రనేలల్లో మిరుగు వానలు పడితే జొన్న, కందితో పాటు ఎవరూ విత్తని గునుగు కూడా మొలుస్తుంది. బతుకమ్మలో తంగేడు మీద వరుసగా పేర్చే పువ్వుగానే దీన్ని చాలామంది ఎరుగుదురు. మా ఊళ్ళలో మాత్రం పూత రాకముందు అది కూర. 2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది, పువ్వుకు గౌరవం దక్కింది. ఆకు మాత్రం వంటింటికి దూరమవుతోంది.

ఈ కూరను ఇన్నాళ్ళు నిలిపింది కైకిలికి పోయిన ఆడవాళ్ళు. కలుపు తీస్తూనే లేత కొసలు గిల్లి ఒడిలో వేసుకునేవాళ్ళు. తుమ్మి, చెంచలి, గంగవాయిలి కూడా అదే ఒడిలో చేరేవి. చేను ఎవరిదైనా సరే, కలుపులో దొరికిన కూరకు ఆసామి అడ్డు చెప్పేవాడు కాదు. గుంటెడు భూమి లేని ఇంట్లోనూ వానకాలమంతా ఆకుకూర ఉడికిందంటే ఈ కట్టుబాటు వల్లే. మా ఊరి చరిత్రలో దేనికైనా శాసనం చెక్కించమంటే నేను దీనికే చెక్కిస్తాను.

వండడం తేలికే గానీ అదును తెలియాలి. మొక్క జానెడు ఎత్తున్నప్పుడే గిల్లాలి. వెన్ను పొడిచిందంటే ఆకు ముదిరినట్టే. మా అమ్మ ముందు పిడికెడు పెసరపప్పు నానబెట్టేది. నూనెలో ఎండుమిరపకాయలు, దంచిన ఎల్లిపాయ, ఉల్లిగడ్డ వేగాక పప్పు, తరిగిన ఆకు వేసి మూత పెట్టేది. నీళ్ళు పోసేది కాదు, ఆకులో ఊరే నీళ్ళే చాలు. గిన్నె నిండుగా ఉన్న ఆకు మగ్గేసరికి అడుగుకు దిగుతుంది. అందుకే ఉప్పు చివర్లో, కూర ఎంతయిందో చూసుకుని వేసేది. వేడి జొన్నరొట్టెలోకి అంతకు మించిన కూర నాకు తెలియదు.

రైతు బాధా కాదనలేం. ఆవగింజ కంటే చిన్న నల్లటి గింజల్ని ఒక్కో మొక్క వేలల్లో రాలుస్తుంది, వదిలేస్తే జొన్నను అణిచేస్తుంది. మనుషులు కలుపు తీసినన్నాళ్ళు చేను శుభ్రమయ్యేది, ఇంటికి కూరా వచ్చేది. పత్తి, చెరకు పెరిగి, కూలీలు దొరక్క గడ్డిమందు కొట్టడం మొదలయ్యాక ఆ రెండో లాభం పోయింది. ఇదే మొక్కను నైజీరియాలో మళ్ళు కట్టి, విత్తి మరీ కూర కోసం పెంచుతారు.

పస్తాపూర్‌లో 1983లో మొదలైన డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని మహిళలు, ఎక్కువమంది దళిత రైతులు, ఇలాంటి కూరల్ని పంటతో సమానంగా లెక్కగట్టారు. మందు కొట్టని, పలు పంటలు కలిపి వేసే వాళ్ళ చేలల్లోనే ఈ కూరలకు ఇంకా చోటుంది.

రైతులకు నా మనవి ఒక్కటే. గెట్టు పక్కన రెండు సాళ్ళ మేర గడ్డిమందు కొట్టకండి. లేత గునుగు కూరకు గిల్లుకోనివ్వండి, కొన్ని మొక్కలు దసరా దాకా ఉంచండి. ఏరుకునేవాళ్ళు మాత్రం మందు కొట్టిన చేలో ఆకు ముట్టొద్దు.