హస్తవాసికి పరీక్ష

మన ఇండ్లలో ఒక మాట తరచుగా వినబడుచుండును: "ఆ డాక్టరుగారి హస్తవాసి మంచిది." ఆయనతో సమానముగా చదివినవారు, ఆయన ఇచ్చు మందునే ఇచ్చువారు, ఆ ఊరిలోనే మరి ఇద్దరు ముగ్గురు ఉందురు. అయినను జ్వరము గాని, తలనొప్పి గాని ఆయన చేయి పడిననే తగ్గునని ఇంటిల్లిపాదికి నమ్మకము. ఆయన నాడి చూచి, "ఏమీ భయము లేదు, రెండు రోజులలో లేచి తిరుగుదువు" అనగానే రోగి ముఖము తేటపడును. అప్పటికి మందు ఇంకను సీసాలోనే ఉన్నది!

మా చిన్నతనమున ధర్మాసుపత్రిలో కంపౌండరు పెద్ద జాడీలోనుండి ఎర్రని మందును సీసాలో పోసి, మోతాదులు తెలియుటకై పళ్ళు పళ్ళుగా కత్తిరించిన కాగితపు పట్టీని దానికి అంటించి ఇచ్చెడివాడు. దానిని "రంగునీళ్ళు" అని పరిహసించిన పెద్దమనుష్యులే, తమకు జబ్బు చేసినప్పుడు, ఈసారి రంగు పలుచనైనదని కంపౌండరుతో తగవు పెట్టుకొనుట మేము చూచితిమి.

రోగికి మేలు కలిగిన మాట నిజమైనచో, ఆ మేలు చేసినది మందా, డాక్టరుగారి చేయియా, రోగి పెట్టుకొన్న ఆశయా? ఆశ మేలు చేయగలిగినచో, భయము కీడు చేయలేదా? ఈ ప్రశ్నలను వాదములతో గాక పరీక్షలతో తేల్చవలెనని జరిగిన తొలి ప్రయత్నములలో మిక్కిలి ముఖ్యమైనది 1784లో ఫ్రాన్సు దేశమున జరిగినది. ఆ కథ మెస్మర్ అను వైద్యునితో ఆరంభమగును.

ఫ్రాంట్జ్ ఆంటన్ మెస్మర్ వియన్నా నగరమున వైద్యము చదివి, 1778లో పారిసు చేరెను. విశ్వమంతటను ఒక సూక్ష్మద్రవము నిండి ఉన్నదనియు, మానవదేహములో దాని ప్రవాహము చెడుటయే రోగమనియు, తాను దానిని మరల నడిపింపగలననియు అతడు బోధించెను. ఈ శక్తికి జీవాయస్కాంతమని పేరు. దళసరి తెరలు వేసిన గది నడుమ ఓకు కొయ్యతో చేసిన పెద్ద తొట్టి ఉండెను. దానిలో నీటిసీసాలు, ఇనుపరజను. తొట్టి మూతనుండి వంగిన ఇనుపకడ్డీలు పైకి వచ్చెడివి. రోగులు తొట్టి చుట్టును కూర్చుండి, ఆ కడ్డీలను నొప్పియున్న అవయవమునకు ఆనించుకొనెడివారు. ప్రక్కగదినుండి మృదువైన సంగీతము. కొంతసేపటికి ఒకరు దగ్గుదురు, ఒకరు కన్నీరు కార్తురు, మరియొకరు కాలుసేతులు కొట్టుకొని పడిపోవుదురు. ఆ మూర్ఛ వచ్చి తగ్గినచో రోగము తగ్గుదారి పట్టినదని మెస్మర్ మతము. పారిసులోని గొప్పయింటి స్త్రీలు, పురుషులు అతని ఇంటికి బారులు తీరిరి. నయమైనదని చెప్పినవారును తక్కువమంది కారు.

పదహారవ లూయీ రాజు ఈ సంగతి తేల్చుటకు ఒక విచారణ సంఘమును నియమించెను. వైద్యులును, శాస్త్రపరిషత్తు సభ్యులును కలిసి అందులో పనిచేసిరి. ఆనాడు అమెరికా దూతగా ఫ్రాన్సులో ఉండిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ వారిలో పెద్ద. ఆమ్లజనికి ఫ్రెంచి భాషలో నామకరణము చేసిన లవోజియే ఒకడు. ఖగోళశాస్త్రజ్ఞుడు బయీ ఒకడు. గియోటిన్ అను డాక్టరు మరియొకడు. (పదేండ్లు తిరుగకముందే విప్లవము వచ్చి, బయీయు లవోజియేయు ఈ నాల్గవవాని పేరు మోసిన శిరచ్ఛేద యంత్రమునకే బలియైరి. పాపము, దానిని కనిపెట్టినవాడు ఆయన కాడు. మరణదండన బాధలేనిదై ఉండవలెనని వాదించినందులకు ఆ పేరు ఆయనకు అంటుకొనెను.)

మెస్మర్ ఈ పరీక్షలకు ఒప్పుకొనలేదు. అతని శిష్యుడు డెలాన్ అను వైద్యుడు ఒప్పుకొనెను. సంఘమువారు మొదట తమ దేహములనే పరీక్షకు ఒప్పగించి, వారమున కొకసారి తొట్టి చుట్టును కూర్చుండిరి. వారికి ఏమియు తెలియలేదు. కాని నమ్మనివానికి తెలియకపోవుటలో వింత యేమున్నది? నమ్మినవారినే పరీక్షింపవలెను. అది యెట్లు? ఇచటనే ఆ పెద్దల బుద్ధికుశలత కనబడుచున్నది. శక్తి ఉన్నదని రోగి అనుకొన్నచోట లేకుండ చేయుట, లేదని అనుకొన్నచోట ఉంచుట, ఇంతే వారి ఉపాయము. అందుకు కావలసిన పరికరము ఒక గుడ్డపేలిక: కళ్ళకు గంతలు.

ఫ్రాంక్లిన్‌కు అప్పటికి 78 ఏండ్లు. మూత్రాశయములో రాయి ఉండుటచే బండిలో ప్రయాణము చేయలేకపోయెను. అందుచేత పారిసు వెలుపల పాసీ గ్రామములోని ఆయన ఇంటికే అందరును తరలివచ్చిరి. ఆ తోటలో ఒక ఖుబానీ చెట్టు ఉండెను. హైదరాబాదు విందులలో తియ్యని పాకము చేసి వడ్డించు ఖుబానీయే అది. డెలాన్ ఆ చెట్టును తన శక్తితో నింపెను. తరువాత తానే ఎన్నుకొని తెచ్చిన, శక్తి సులభముగా సోకునని చెప్పిన పన్నెండేండ్ల బాలుని కళ్ళకు గంతలు కట్టి తోటలోనికి నడిపించుకొని వచ్చిరి. ఒక్కొక్క చెట్టును అతడు రెండేసి నిమిషములు కౌగిలించుకొనవలెను. వరుసగా నాలుగు చెట్లకడకు తీసికొనిపోయిరి. ఆ నాలుగింటిలో ఏదియు శక్తి నింపిన చెట్టు కాదు.

మొదటి చెట్టుకడనే బాలునికి చెమట పోసెను, దగ్గు వచ్చెను, తల నొచ్చెను. రెండవదానికడ మైకము కమ్మి తలనొప్పి హెచ్చెను. మూడవదానికడ, శక్తిగల చెట్టు దగ్గరపడుచున్నట్లు తోచుచున్నదని చెప్పెను. నిజమునకు మొదటి చెట్టుకంటె అది ఎక్కువ దూరమున ఉండెను. నాల్గవ చెట్టుకడ కాలుసేతులు బిగిసి స్పృహతప్పి పడిపోయెను. ఖుబానీ చెట్టు అక్కడికి 24 అడుగుల దూరములో నిశ్చింతగా నిలిచియున్నది! డెలాన్ అతనిని పచ్చికపై పరుండబెట్టి తెప్పరిల్లజేసి, తోటలోని చెట్లన్నింటికిని సహజముగా కొంత శక్తి ఉండుననియు, తాను దగ్గర నిలుచుటచే అది పెరిగినదనియు సమాధానము చెప్పెను. అట్లయినచో ఈ శక్తి సోకువాడు ఏ తోటలోను నడువలేడు కదా యని సంఘమువారు వ్రాసిరి.

లవోజియే ఇంట మరొక పరీక్ష. శక్తి నింపిన నీరు త్రాగినచో మూర్ఛ వచ్చు ఒక స్త్రీకి వరుసగా గిన్నెలతో మామూలు నీరు అందించిరి. నాల్గవ గిన్నెకు పూర్తిగా మూర్ఛ వచ్చెను. తెప్పరిల్లి దాహమని అడుగగా, ఈసారి నిజముగా శక్తి నింపిన గిన్నెను ఇచ్చిరి. ఆమె దానిని ప్రశాంతముగా త్రాగి, ప్రాణము కుదుటపడినదని చెప్పెను. ఇంకొక స్త్రీని కుట్టుపని పేరుతో పిలిపించి కూర్చుండబెట్టిరి. ఆమె వెనుక ద్వారమునకు కాగితము అంటించియుండెను. దాని ఆవల నుండి అరగంటసేపు శక్తి ప్రసరింపజేసినను ఆమె ఉల్లాసముగా కబుర్లు చెప్పుచుండెనే గాని ఏమియు కాలేదు. ఆ మనిషియే ఎదుటికి వచ్చి చేతులు ఆడించిన కొద్ది నిమిషములకే వణకు ఆరంభమయ్యెను.

1784 ఆగస్టులో నివేదిక వెలువడెను. శక్తి లేకున్నను భావన ఉన్నచో మూర్ఛలు వచ్చుననియు, భావన లేనిచోట శక్తి ఏమియు చేయదనియు, కావున అట్టి ద్రవము లేదనియు తీర్పు. మెస్మర్ కీర్తికి అది గొడ్డలిపెట్టు అయ్యెను.

తీర్పు న్యాయమైనదే. అయినను ఆ పుటలను నేడు తలచుకొన్నచో మాకు ఒక విషయము వెలితిగా తోచును. బాలుడు నటించినాడని సంఘము అనలేదు, భావన అనెను. మరి భావన చెమట నెట్లు పుట్టించెను? కండరము నెట్లు బిగించెను? కనుగొన్నవారే దానిని చీపురుతో ఊడ్చివేసినట్లయినది. డెలాన్ అంతకు నాలుగేండ్లు ముందే ఒక ప్రశ్న అడిగియుండెను: భావనచే చేయు వైద్యమే మేలైనదైనచో, దానినే మనము ఎందుకు చేయరాదు? ఓడిపోయిన పక్షమువాని ప్రశ్న గనుక దానికి చాలకాలము ఎవరును చెవి ఒగ్గలేదు.

పదునైదేండ్ల తరువాత ఇంగ్లండులో ఇదే నాటకము మరియొక వేషముతో వచ్చెను. అమెరికాలో ఎలైషా పెర్కిన్సు అను వైద్యుడు రెండు లోహపు కడ్డీలను చేయించి, నొప్పియున్నచోట వానితో దువ్వినచో బాధ పోవునని 1796లో పేటెంటు పొందెను. అవి లండనులో జత ఐదు గినీలకు అమ్ముడుపోయెను. 1799 జనవరిలో బాత్ పట్టణపు ఆసుపత్రిలో జాన్ హేగార్తు అను డాక్టరు కొయ్యతో అట్టి కడ్డీలే చేయించి, లోహమువలె కనబడునట్లు రంగు వేయించి, కీళ్ళవాతముతో బాధపడు ఐదుగురిపై ప్రయోగించెను. నలుగురు ఉపశమనము కలిగినదనిరి. మరునాడు అసలు కడ్డీలు వాడగా ఫలితము అంతే. పెర్కిన్సు మోసగాడా? అట్లు చెప్పుటకు మాకు నోరు రాదు. ఆ సంవత్సరమే న్యూయార్కులో పీతజ్వరము చెలరేగగా, తాను కనుగొన్న మరియొక మందును పరీక్షించుటకై అచటికి పోయి, ఆ జ్వరముతోనే మరణించెను. తన మందును తానే నమ్మినవాడు.

మన కంపౌండరుగారి రంగునీళ్ళకును వంశవృక్షము కలదు. తాను ఎరిగిన మిక్కిలి ఘనుడైన వైద్యుడొకడు తక్కిన మందులన్నింటికంటె రొట్టెపిండి మాత్రలను, రంగునీటి చుక్కలను, కట్టె బూడిదను ఎక్కువగా వాడితినని తనతో చెప్పినట్లు 1807లో అమెరికా అధ్యక్షుడు జెఫర్సన్ ఒక లేఖలో వ్రాసెను. ఇట్టి ఉత్తమందుకు ప్లాసిబో అని పేరు. లాటిను భాషలో "సంతోషపెట్టుదును" అని అర్థము. కీడు తలచుటచే కలుగు కీడునకు నోసిబో, అనగా "హాని చేయుదును", అను పేరును 1961లో వాల్టర్ కెన్నెడీ పెట్టెను.

1955లో అమెరికా డాక్టరు బీచర్ పదునైదు పరిశోధనలను కూర్చి, ఉత్తమందు వలన సగటున నూటికి 35 మందికి ఉపశమనము కలిగినదని ప్రకటించెను. ఈ లెక్క చాలకాలము చెల్లుబాటైనది గాని, దానంతట అదే తగ్గు జబ్బును గూడ అందులో కలిపివేసినాడని తరువాతివారు తప్పు పట్టిరి. 2001లో డెన్మార్కు పరిశోధకులు ఇద్దరు, మందేమియు ఇయ్యనివారితో ఉత్తమందు పుచ్చుకొన్నవారిని పోల్చిన 114 పరిశోధనలను పరిశీలించి, నొప్పి వంటి స్వానుభవములలో తప్ప గట్టి ఫలితము కానరాలేదనిరి.

నొప్పి విషయమున మాత్రము పాసీ పెద్దలు విడిచిపెట్టిన ప్రశ్నకు జవాబు దొరకసాగెను. 1978లో శాన్‌ఫ్రాన్సిస్కోలో లెవిన్, గార్డన్, ఫీల్డ్సు అను మువ్వురు, దంతము తీయించుకొన్నవారికి ఉత్తమందు ఇచ్చిరి. కొందరికి నొప్పి తగ్గెను. తరువాత నల్లమందు పనిని అడ్డగించు నలాక్సోన్ అను మందు ఇయ్యగా, తగ్గినవారికి నొప్పి మరల హెచ్చెను. అనగా ఆశపడిన దేహము తనలోనే నల్లమందు వంటి పదార్థమును స్రవింపజేసికొనినదన్నమాట. ఇటలీలోని ట్యూరిన్ నగరమున బెనెడెట్టీ మొదలగువారు శస్త్రచికిత్స అయిన రోగులకు, వారు ఎరుగకుండ యంత్రముచే నొప్పిమందు ఎక్కించి చూచిరి. డాక్టరు ఎదుట నిలిచి, చెప్పి ఇచ్చినంతగా అది పనిచేయలేదు. పారిసులోని కాగితపు ద్వారమునకు ఇది మనుమరాలు! నొప్పి హెచ్చునని చెప్పి ఉత్తమందు ఇచ్చినచో నిజముగా హెచ్చుననియు, ప్రొగ్లుమైడ్ అను మందు ఆ హెచ్చును ఆపుననియు ఆయన బృందమే 1997లో చూపెను. భయమునకును దేహములో ఒక మార్గము ఉన్నదని దీనివలన తేలెను.

అయితే ఆశకు హద్దు కలదు. 2011లో అమెరికాలో ఉబ్బసపు రోగులకు ఒకప్పుడు అసలు పీల్పుమందును, ఒకప్పుడు ఉత్తదానిని ఇచ్చిరి. రోగులు చెప్పిన ఉపశమనము రెండింటను ఇంచుమించు సమానమే. కాని ఊపిరిని యంత్రముతో కొలిచినప్పుడు అసలు మందుతో నూటికి 20 వంతులు మెరుగు, ఉత్తదానితో 7 వంతులు మాత్రమే. ఏమియు ఇయ్యనప్పుడును అంతే. ఆయాసము తగ్గినదని రోగి సత్యమే చెప్పుచున్నాడు, శ్వాసనాళము మాత్రము మూసికొనియే ఉన్నది. హస్తవాసిని నమ్మి అసలు మందు మానుట ఎంత ప్రమాదమో దీనివలన గ్రహింపవచ్చును.

భయముచే అసలు మందు మానుటయు ప్రమాదమే. కొలెస్టరాలును తగ్గించి గుండెను కాపాడు స్టాటిన్ మాత్రలను, ఒళ్ళునొప్పులు వచ్చినవని మానివేయువారు అనేకులు. అట్టి 60 మందిని లండను ఇంపీరియల్ కాలేజీవారు పరీక్షించి, 2020లో ఫలితములు ప్రకటించిరి. ఒక్కొక్కరికి పన్నెండు నెలలకు పన్నెండు సీసాలు: నాలుగింట స్టాటిన్, నాలుగింట ఉత్తమాత్రలు, నాలుగు ఖాళీ సీసాలు. మాత్రలున్న నెలలో అవి ఏ మాత్రలో ఎవరికిని తెలియదు. బాధ ఎంతయో నూటికి లెక్కవేసి ప్రతిదినము వారే గుర్తించుకొనిరి. ఖాళీ నెలలలో సగటు 8. స్టాటిన్ నెలలలో 16.3. ఉత్తమాత్రల నెలలలో 15.4. మందు వలన కండరములకు నిజమైన హాని అరుదుగా కలుగుట కలదు. అది డాక్టరు తేల్చవలసిన సంగతి. ఈ 60 మంది బాధలో మాత్రము పదింట తొమ్మిది పాళ్ళు మాత్రలోని మందుది కాదు, మాత్ర మింగితిమను ఎరుకది.

పరీక్ష ముగిసిన తరువాత ఎవరి పన్నెండు నెలల అంకెలను వారికే చూపిరి. నొప్పి లేదని ఎవరితోను అనలేదు, నొప్పి ఎచటినుండి వచ్చినదో చూపిరి. ఆరు నెలలు గడచునప్పటికి ఆ 60 మందిలో 30 మంది మరల ఆ మాత్రలు మింగుచుండిరి.