ముందు దీపం, ఆ వెనకే రంగు

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వెళ్లిపోయాక మా బుచ్చయ్యపేటకు మళ్లీ కరెంటు రావడానికి రోజులు పట్టింది. ఫోన్లన్నీ ఆగిపోయాయి. ఇంట్లో వెలిగిన తెర ఒక్కటే, నా ఈ-రీడర్. బయట చెరకు తోటలు నేలకు ఒరిగి ఉన్నాయి. ఆ రాత్రులు దాని వెలుగే నాకు తోడు.

మొదట్లో ఈ-రీడర్ తెరలకు వెలుగే లేదు. వాటిలో ఉండేది 1997లో అమెరికాలో ఎంఐటీ వాళ్లు పెట్టిన ఈ-ఇంక్ సంస్థ సిరా. వెంట్రుక మందపు బుడగల్లో తెల్ల రేణువులూ నల్ల రేణువులూ ఉంటాయి. కరెంటు ఇచ్చేదాన్ని బట్టి ఒకటి పైకి తేలితే రెండోది అడుక్కి పోతుంది. పేజీ మారాక ఇక కరెంటుతో పనిలేదు, ఛార్జింగు వారాల తరబడి నిలిచేది అందుకే. 2004లో సోనీ లిబ్రీ, 2007లో కిండిల్ ఈ సిరాతోనే వచ్చాయి. పగలు కాగితమంత హాయి. చీకటి పడితే మాత్రం పక్కన దీపం ఉండాల్సిందే.

ఫోన్‌కు లాగా వెనక దీపం పెడితే కుదరదు, సిరా పొర వెలుగును దాటనివ్వదు. 2008లో సోనీ అంచుల్లో ఎల్ఈడీలు పెట్టింది గానీ వెలుగు సమంగా పరుచుకోలేదు. దారి దొరికింది 2012లో. నూక్, కోబో, కిండిల్ పేపర్‌వైట్ ఆ ఒక్క ఏడాదే వెలుగుతో వచ్చాయి. తెర మీద పల్చని పారదర్శక పొర వేసి, అంచు నుంచి అందులోకి దూరిన వెలుగును కంటికి ఆనని గాట్లతో కిందికి వంచారు. వెలుగు ముందు సిరా మీద పడి, అక్కణ్ణుంచి కంటికి చేరుతుంది. లాంతరు కింద పుస్తకం చదివినట్టే.

రంగు 2010లోనే ట్రైటన్ పేరుతో వచ్చింది. నలుపు తెలుపు సిరా మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం గళ్ల జల్లెడ. ప్రతి రంగు గడీ తన రంగు తప్ప మిగతా వెలుగంతా మింగేస్తుంది. ఇక మిగిలేది వెలిసిన చీర రంగే. అందుకే, నన్నడిగితే, రంగుకు దారి వేసింది దీపమే. 2020లో కలైడో అనే కొత్త రంగు తెర ఆ జల్లెడను సిరాకు బాగా దగ్గరగా అచ్చు వేసింది. 2022 నాటి కలైడో 3లో రంగులు 4096. అక్షరాలకు అంగుళానికి 300 చుక్కలు, రంగుకు 150. 2024లో కోబో, కిండిల్ రెండూ రంగులోకి దిగాయి.

మా మండలంలో వడ్డాది అనే ఊరుంది. ఆ పేరే ఇంటిపేరైన చిత్రకారుడు వడ్డాది పాపయ్య గారిది శ్రీకాకుళం. ఆయన గీసిన చందమామ అట్టబొమ్మ ఒకటి మొన్న రంగు తెర మీద తెరిచాను. దీపం ఆర్పితే చీర అంచు బూడిదలా ఉంది. నాలుగు మెట్లు పెంచాను, పసుపు తేలింది.