లింకుల లెక్కలో మన పెద్దోళ్లు

ఆ కట్టెలు కొంచెం ఎగదోయండి నాయనా. ఎడారంటే ఎండే అనుకుంటిని, ఒమాన్‌లోని ఈ బిదియా ఇసుకలో రాత్రయితే చలి ఎముకలు పట్టేస్తాంది.

మన వంశం ఎంత దూరం పోతుందని కదా అడిగితివి అమ్మాయ్? నోటిమాటగా అయితే నాలుగు తరాలు. ఆ పైన చెప్పేది భూమి కాగితాలే.

మన కడప సీమ 1800లో నైజాం చేతిలోనుంచి కుంపిణీకి పోయింది. మన్రో దొర కలెక్టరుగా వచ్చి, ఏడేండ్లుండి ఊరూరా భూమి కొలిపించినాడు. పాలెగాండ్లను అణిచింది ఆయనే, శిస్తు నేరుగా రైతు పేరున వేసిందీ ఆయనే. 1827లో పత్తికొండలో కలరాతో పోతే మనోళ్లు బిడ్డలకు మన్రోలప్ప అని పేర్లు పెట్టుకున్నారు. శిస్తు వేసినోని పేరు కొడుక్కు పెట్టుకోవడం మన సీమలోనే చూడాల!

అసలు పటాలు ఆ తర్వాతివి. 1858లో మద్రాసులో సర్వే శాఖ పెట్టినారు. గొలుసు 66 అడుగులు, దానికి 100 లింకులు. పది చదరపు గొలుసులయితే ఎకరా. ఊరికొక పటం, సర్వే నంబరుకొక ఎఫ్ఎంబీ పేజీ, అంటే పొలం కొలతల పుస్తకంలోది. దాంట్లో చేను ఆకారం, గట్టు పొడుగు, హద్దురాళ్లు అన్నీ ఉంటాయి, మనిషి పేరు మాత్రం ఉండదు. పేరు కావాలంటే ఆర్ఎస్ఆర్, అంటే పట్టాదార్ల పేర్లుండే రిజిస్టరు, తీయాల. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చదవడం మా జేజినాయన నేర్పించినాడు. ఆయన కరణం.

చెప్తా విను. మొదట 142 అని ఒకటే నంబరు ఉంటాది. కొన్నాళ్లకు 142-1, 142-2. ఇంకొన్నాళ్లకు 2ఏ, 2బీ. చేను మధ్యన గీత పడిందంటే అన్నదమ్ములు వేరుపడినారనుకుంటాం. తొందరపడగూడదు, అమ్మకానికీ అదే గీత పడతాది. పంపకమా, అమ్మకమా తేలాలంటే రిజిస్టరాఫీసులో దస్తావేజు చూడాల్సిందే.

ఇనాం భూములుండే ఇండ్లోళ్లకు ఇంకా మేలు. 1858లో వేసిన ఇనాం కమిషను ఎవరిచ్చిరి, ఎవరికిచ్చిరి, ఇప్పుడు అనుభవించేది ఎవరు అని అడిగి ఫెయిర్ రిజిస్టర్లలో రాయించింది. బాపనోళ్ల మాన్యాలే అనుకునేరు. కమ్మరి, మంగలి, తలారి మాన్యాలూ ఉంటాయి దాంట్లో.

మొన్న నిజ్వాలో ఫలజ్ దారిస్ చూసినాం కదా, 2006లో యునెస్కో గుర్తించిన అయిదు కాలవల్లో ఒకటి. ఇక్కడ చేనికంటే నీళ్ల వంతుకే విలువ. పగలు కట్టె నీడ చూసి, రాత్రి చుక్కలు చూసి వంతు మార్చేవాళ్లు. అరగంట నీళ్లకు అసర్ అని పేరు. ఈ దేశపోళ్లకు తాత పేరు కావాలంటే ఫలజ్ పుస్తకంలో వెతకాల. మా చెరువు కింద నీరుగంటి నోటితో వంతులు చెప్పేవాడు, పుస్తకం లేదు పాడూ లేదు. వాడితోనే పోయింది అంతా.

పట్టా లేనోళ్ల సంగతేందంటావా? ఆర్ఎస్ఆర్‌లో ఆడోళ్లు అరుదు, కౌలోళ్లు, కూలోళ్లు అసలే ఉండరు. దస్తావేజులో చెక్కుబందీ చదువు. తూర్పు ఫలానావాని దొడ్డి, దక్షిణం ఫలానామె పసుపుకుంకుమ చేను అని రాస్తారు. మా మేనత్త పేరు నాకు దొరికింది అట్లనే, పక్కచేనోళ్ల కాగితంలో.

ఇప్పుడు ఫోనులో మీభూమి తెరిస్తే ఎఫ్ఎంబీ కనపడతాది గానీ పాత పేర్లకు ఊరికి పోవాల్సిందే. అయితే ఒకటి. 2020లో మొదలైన రీసర్వే అయిపోయిన ఊర్లలో పాత సర్వే నంబర్లు తీసేసి ఎల్పీ (ల్యాండ్ పార్సెల్) నంబర్లు ఇస్తాండారు. పాత కాగితాలన్నీ పాత నంబరుతోనే పలుకుతాయి. అది పోగొట్టుకుంటే వెతుకులాట నాలుగింతలవుతాది. కాబట్టి ఇప్పుడే నీ ఫోనులో రాసిపెట్టుకో, మన చేను 142-2బీ. పక్కన తాలూకా పేరు కూడా వేసుకో.