సముద్రగర్భమున ఒక పీఠభూమి

1772వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో కెర్గెలెన్ అను ఫ్రెంచి నావికుడు హిందూ మహాసముద్రపు దక్షిణ భాగమున, 49వ దక్షిణ అక్షాంశము సమీపమున, మంచుతెరల నడుమ ఒక నేలను చూచెను. తానందు కాలు మోపకయే స్వదేశమునకు మరలి, సారవంతమైన ఖండమొకటి దొరకినదని పదునైదవ లూయీ రాజునకు విన్నవించెను. రాజు అతనిని మరల పంపెను. అచట నున్నవి నల్లని రాళ్ళు, మంచు, ఎడతెగని గాలి మాత్రమేయని ఈ మారు తేలినది. తిరిగివచ్చిన కెర్గెలెన్‌పై పలు నేరములు మోపి, విచారించి, చెరసాలలో నుంచిరి. 1776లో అటు పోయిన ఆంగ్ల నావికుడు కెప్టెన్ కుక్, అది శూన్యద్వీపమని పిలువదగినదని వ్రాసెను.

కెర్గెలెన్ చూచినది కొద్ది, చూడనిది పెద్ద. ఆ దీవులు నీట మునిగిన ఒక మహాపీఠభూమికి పైకి తేలిన కొనలు. ఇది 2,000 కిలోమీటర్లకు పైగా వ్యాపించి, చుట్టునున్న సముద్రపు టడుగుకంటె 2 నుండి 4 కిలోమీటర్ల ఎత్తున నిలిచియున్నది. ఇంత రాతిని అచట పేర్చినదేమి?

అగ్నిపర్వతములే. భూపటలము క్రింద నున్న మాంటిల్ అను పొర ఎంత వేడిగా నున్నను సామాన్యముగా కరగదు. పైనున్న బరువు కరగనీయదు. ప్రెషర్ కుక్కరులో నీరు 100 డిగ్రీలు దాటినను మరుగకుండుట వంటిదే యిది. కాని మిక్కిలి వేడిగల రాయి లోతునుండి నెమ్మదిగా పైకి వచ్చినచో, ఒత్తిడి తగ్గి, కొంత భాగము కరగి శిలాద్రవమగును. సముద్రపు టడుగున భూపటలము మందము సామాన్యముగా 7 కిలోమీటర్లు. ఇట్టిచోట లావా పొరపై పొరగా పేరుకొని, కొంత శిలాద్రవము లోపలనే గడ్డకట్టి, ఆ మందము 20 కిలోమీటర్లకు పెరుగును. దక్కను పీఠభూమిలోని లావా పొరలును, రాజమహేంద్రవరము దగ్గరి లావా రాళ్ళును నేలపై ఇట్లు పరచుకొన్నవే.

దీనిని నిర్ధారించుటకు రాయి చేతికి రావలెను. 1987-88లోను, మరల 1998-99లోను జాయిడెస్ రిజల్యూషన్ అను ఓడ ఆ పీఠభూమిని తొలిచి రాతికడ్డీలను పైకి తీసెను. దక్షిణ భాగపు లావా వయస్సు సుమారు 12 కోట్ల సంవత్సరములనియు, మధ్య భాగముది 10 కోట్లనియు, ఉత్తర భాగముది మూడున్నర కోట్లనియు తేలినది. పెక్కు లావా ప్రవాహములు నీటిలో కాక గాలిలో పారిన గుర్తులు కనబడెను. మధ్య భాగమున లావాపై నున్న మట్టిలో కొయ్యముక్కలు దొరకినవి. నేడు వేయి మీటర్లకు పైగా నీటి క్రింద నున్న ఆ చోట ఒకప్పుడు చెట్లు పెరిగినవన్నమాట. అగ్నిపర్వతము లుడిగిన పిమ్మట రాయి చల్లారి, కుంచించుకొని, నేల క్రమముగా క్రుంగిపోయెను. పీఠభూమిపైనే యున్న హెర్డ్ దీవిలో మాత్రము అగ్నిపర్వతము నేటికిని అప్పుడప్పుడు లావాను క్రక్కుచున్నది.

ఇంతకంటె వింత పీఠభూమి పడమటి ప్రక్కన, ఎలాన్ బ్యాంక్ అను చోట బయటపడినది. లావా పొరల నడుమ, ఏటినీరు దొర్లించిన గులకరాళ్ళలో, గార్నెట్ గల నైస్ రాయి యుండెను. నైస్ లావా చల్లారగా ఏర్పడునది కాదు, ఖండముల రాయి. దానిని పరీక్షించిన శాస్త్రజ్ఞులు అది మన తూర్పు కనుమల రాళ్ళను పోలియున్నదని కనుగొనిరి. గోండ్వానా ఖండము చీలి భారతదేశము ఉత్తరమునకు సాగిపోగా, దాని తూర్పు అంచునుండి విడిపోయిన తునక యొకటి వెనుక నిలిచి, లావాచే కప్పబడినదని వారి నిర్ణయము.

విశాఖపట్టణపు కొండలలో గార్నెట్ గల రాళ్ళను చూచిన విద్యార్థులకు, వాని చుట్టము వేల కిలోమీటర్ల దూరమున సముద్రము క్రింద నున్నదని ఉపాధ్యాయులు పటముపై చూపవచ్చును. కెర్గెలెన్ చెప్పిన సారవంతమైన ఖండము అచట లేదు. కాని చెట్లు మొలిచిన నేలయు, ఖండపు తునకయు నిజముగా నుండెను. అవి తెలియుటకు రెండువందల యేండ్లకు పైగా పట్టినది.