ఏది రాస్తున్నామో తెలిసి రాయాలి



నా చదువు తమిళ మీడియం. ఆఫీసులో రాసింది ఇంగ్లీషు. తెలుగు రాయడం రిటైరయ్యాకే నేర్చుకున్నాను. ఒక స్నేహితుడి సంతాపసభకు నేను రాసింది సర్వీసు రిజిస్టర్‌లా వచ్చింది: చేరిన తేదీ, రిటైరైన తేదీ. తప్పు ఒక్కటీ లేదు. ఆయన భార్య తల వంచుకుని విన్నారు. ఆ బాధ నాకింకా పోలేదు.

ఏ రాతకు ఏ పద్ధతి అన్నది మన బళ్లారి వకీళ్లు ఇద్దరికి వందేళ్లకు ముందే బాగా తెలుసు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912), కోలాచలం శ్రీనివాసరావు (1854–1919). కోర్టులో అర్జీలు రాసిన చేతులతోనే నాటకాలు రాశారు.

సంస్కృత సంప్రదాయంలో నాటకం మంగళంగా ముగియాలి. ఆచార్యులవారికి ఆ కట్టుబాటు తెలుసు, ఇంగ్లీషు నాటకమూ తెలుసు. తెలిసే ‘విషాద సారంగధర’ను దుఃఖంతో ముగించారు. తెలుగులో తొలి విషాదాంత నాటకంగా దాన్నే చెబుతారు.

కోలాచలం వారు ప్రపంచ నాటక చరిత్రనే ఇంగ్లీషులో పుస్తకంగా రాశారు. అంత పరిశోధన చేసినవారు కూడా విజయనగర పతనం మీద ‘రామరాజు చరిత్ర’ నాటకం రాసేటప్పుడు వ్యాసం చెప్పలేదు, మనుషులను మాట్లాడించారు.

పిల్లలకు తెలుగు నేర్పేటప్పుడు అక్షరాలతో ఆపకండి. అర్జీ, ఉత్తరం, కథ, సంతాపం నాలుగూ పక్కపక్కన పెట్టి, ఏది ఎవరికి, ఎందుకు రాశారో అడగండి.

నా స్నేహితుడి గురించి మళ్లీ రాశాను. ఈసారి ప్లాట్‌ఫాం మీద ఇద్దరం పంచుకున్న టీతో మొదలుపెట్టాను. రేపు వాళ్లింటికి తీసుకెళ్తాను.